మునిలక్ష్మి లెక్కపాట

వేమగల్ కంపెనీ బస్సులో మునిలక్ష్మి పాట మోగతా ఉండాదని పక్కింటి లక్ష్మీదేవమ్మ పాలడైరీ దగ్గర చెప్పిందంట. ఆ బస్సులో పనికి పోయే ఆమె అల్లుడు చెవులారా విన్నాడంట. ఆ మాట చిన్నవెంకటప్ప దాకా వచ్చేసరికి బస్సులు నాలుగైనాయి.

ఆయనకు కండ్లు కుట్టినాయి. మునిలక్ష్మి ఆయన పెండ్లామే. అయితే శ్రీనివాసపురం చుట్టూ పాటగాడంటే ఆయన. ముప్పై ఏండ్లుగా భజనలో ముందు గొంతు ఆయనది. కేజీఎఫ్ పిల్లోళ్ళు నలుగురు, 'సైనైడ్ దిబ్బ' అని బ్యాండుకు పేరు పెట్టుకున్నోళ్ళు, పోయిన ఎండాకాలం మొదటి ఆల్బం కోసమని వెతుక్కుంటా వచ్చింది గూడా ఆయన్నే. ఆయన తానం చేసి, పంచె కట్టి, గొంతు సవరించుకొనేలోగా మామిడితోపులో మునిలక్ష్మి కాయలు క్రేట్లకు ఎత్తుతా పాడుకుంటా ఉంది. లెక్కలో ఒకటి అనరు గదా, లాభం అంటారు.

"లాభమో లాభం, రెండు నా రసపూరి, మూడు ముద్దుల మల్లిక..."

పిల్లోళ్ళు మైకు ఆడనే పెట్టేసినారు. తర్వాత ఆయనవీ మూడు పాటలు పట్టుకొని పోయినారు. ఆల్బంలో ఆమె పాట ఉంది, ఆయనది ఒకటీ లేదు.

ఎవరూ చూడకుండా ఫోన్లో పెట్టుకొని విన్నాడు. శ్రుతి లేదు. తాళమంటే క్రేటులో కాయ పడే చప్పుడే. నడుమ "ఒసే, మచ్చకాయ పక్కనెయ్యి" అని కూలామెను గదమాయించింది గూడా అట్లే ఉంచినారు. ఇదీ ఒక పాటేనా అనుకుంటా ఉండగానే మూడో చరణానికి ఆయన కాలే తాళమేసింది. చటుక్కున కాలు మడిచి దాని మీదే కూర్చున్నాడు.

అంతటితో పోయిందా? లక్ష్మీదేవమ్మ గోడ మీద నుంచి అడిగింది.

"ఏమప్పా, పాటెనకాల దూరంగా ఆవొకటి అరస్తాదే, అది మీదేనా?"

అది ఆయన గొంతు సవరించుకొన్న చప్పుడు.

"మాదే," అన్నాడు.

మర్నాడు బ్యాండు పిల్ల అక్షత ఫోను చేసింది. శనివారం కోలారులో ఆల్బం కచేరి, అమ్మ వచ్చి ఆ పాట స్టేజీ మీద పాడాల అనింది. ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడేది ఆయనకు అలవాటు.

"ఆమెకు గొంతు పోయిందమ్మా. వారమాయె. నేనొస్తాలే, అది నేర్పించిందే నేను."

"అయ్యో! అట్లైతే అమ్మ రికార్డే వేస్తామప్పా. నువ్వు రా, ముందు కుర్చీ వేయిస్తా."

"నేను పాడితే ఏమి?"

"బాగా పాడతావప్పా. అయితే నీ పాట నువ్వే వినుకుంటా పాడతావు. అమ్మ పనిలో పడి పాడింది. జనాలకు అదే పట్టింది."

వంటింటి గడపలో మునిలక్ష్మి నిలబడి ఉంది, చేతులకు రాగిపిండి. ఎంతసేపటి నుంచో తెలీదు. వచ్చి ఫోను మీదికి వంగింది.

"నా గొంతుకేమీ కాలేదమ్మా. నేనొస్తాను."

"ఊరికే అన్నానే," అన్నాడు చిన్నవెంకటప్ప. "అంతమంది ముందర నీకు భయమని..."

"నేను పాడితే నిన్నింగ ఎవురూ పిలవరని గదా నీ ఏడుపు. పిలవకుంటే పోనీ. నేను పోతాండా."