కాదనలేనివాడి తల

విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర విభాగానికి ప్రతి ఉదయం అందరికంటే ముందు వచ్చే మనిషి కొమురెల్లి. గదులు ఊడ్వడం, నల్లబల్లలు తుడవడం, కొండల్లోంచి తెచ్చిన రాళ్ల పెట్టెలను తల మీద పెట్టుకుని రెండో అంతస్తుకు చేర్చడం అతని పని. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా టెంపరరీయే. ముప్పయ్యేళ్లకే బట్టతల వచ్చింది గాని అది అతన్ని ఏనాడూ బాధించలేదు. అడిక్‌మెట్‌లో ఒక గది, భార్య సాలమ్మ, ఇద్దరు ఆడపిల్లలు. ఈ నౌకరీ ఇట్లాగే సాగితే చాలనుకునే మనిషి.

బట్టతల బాధ విభాగాధిపతి ఉమాపతిగారిది. పాఠం చెప్పడానికి వెళ్లేముందు ఆయన తన గదిలోని అద్దం ముందు నిలబడి, చెవి పక్కన మిగిలిన వెంట్రుకలను నడినెత్తి మీదికి దువ్వుకునేవారు. పందొమ్మిది వందల అరవై ఏడులో, తార్నాకలో ఆయన ఇంటికి దగ్గరలోనే, విదేశంలో చదివి వచ్చిన ఒక డాక్టరు ఆస్పత్రి తెరిచాడు. తల వెనకవైపు వెంట్రుకలను చర్మంతో సహా తీసి ముందువైపు నాటితే మళ్లీ పెరుగుతాయని చెప్పాడు. ఉమాపతిగారికి ఆశ పుట్టింది. భయమూ పుట్టింది.

"ఇదివరకు ఎంతమందికి చేశారు మీరు?" అని అడిగారు.

"అక్కడ చేస్తుంటే చూశాను. ఇక్కడ మీతోనే మొదలు."

"అయితే ముందు ఇంకెవరికైనా చేయండి. చూసి చెప్తాను."

ఆ ఇంకెవరో ఎవరన్నది ఆయనకు అప్పటికే తెలుసు.

మర్నాడు కొమురెల్లిని పిలిచి, "నీకు జుట్టు మొలిపిద్దామోయ్. నువ్వు పైసా పెట్టక్కర్లేదు" అన్నారు.

"నాకెందుకు సార్? గిట్లనే మంచిగున్నది."

ఉమాపతిగారు నవ్వి, బల్ల మీది ఫైలు మీద చెయ్యి వేశారు. "నీ పర్మనెంటు సంగతి ఈ ఏడాది నేనే రాయాలి, గుర్తుందిగా?" అన్నారు. ఈ మాటకూ ఆ మాటకూ సంబంధం ఉందని ఆయన అనలేదు. అనవలసిన అవసరమూ లేకపోయింది.

ఇంటికి పోయి చెప్తే సాలమ్మ మండిపడింది. "నీ నెత్తితోని ఆయనకేం పని? వద్దని చెప్పు."

"సారు నోరిడిచి అడిగినంక వద్దంటే ఎట్లయితది? రేపటి సంది రావొద్దంటే ఏడికి పోదాం?"

చెప్పులు కుట్టేవాడు తోలుకు చిల్లులు వేసే పనిముట్టు లాంటి గుండ్రటి కత్తితో, డాక్టరు కొమురెల్లి తల వెనక అరవై చోట్ల వెంట్రుకలతో చర్మం తీసి, ముందు అరవై చోట్ల నాటాడు. సగం పని కాకముందే మత్తు తగ్గిపోయింది. కొమురెల్లి బల్ల అంచు పట్టుకుని పడుకున్నాడు తప్ప అరవలేదు. పక్క గదిలో సారు కూర్చుని ఉన్నారని సిగ్గు.

నెల రోజులు తల మీద బరువు పెట్టవద్దని డాక్టరు చెప్పాడు. ఉమాపతిగారు నాలుగు రోజుల సెలవిచ్చారు. అయిదో రోజు విద్యార్థుల యాత్ర నుంచి పద్నాలుగు పెట్టెల రాళ్లు వచ్చాయి.

"డాక్టరు మోయొద్దన్నడు సార్."

"మందంగా గుడ్డ చుట్టుకుని మెల్లగా మోయి. బయట వర్షంలో తడిస్తే రాళ్లకు అంటించిన చీటీలు పాడైపోతాయి."

పద్నాలుగు పెట్టెలూ మోశాడు. సాయంత్రానికి గుడ్డ తలకు అంటుకుపోయింది. వారానికి చీము పట్టింది.

ఆరు నెలలకు అతని నెత్తి మీద మొలిచినదాన్ని జుట్టు అనలేము. ఇక్కడొక కుచ్చు, అక్కడొక కుచ్చు, మధ్యలో కమిలిన బొడిపెలు. విద్యార్థులు 'నారుమడి' అని పేరు పెట్టారు. "ఏంది కొమురెల్లన్నా, నాట్లెప్పుడు?" అని మెట్ల మీద అడిగేవారు. ఎవరో నల్లబల్ల నిండా అతని తల బొమ్మ గీశారు. దాన్ని తుడవవలసినవాడు కూడా అతనే. తుడిచాడు. వెనక బెంచీలవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఒకనాడు డాక్టరు విభాగానికి వచ్చాడు. కొమురెల్లిని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, తల అటూ ఇటూ తిప్పి ఇద్దరూ చూశారు. "నా అదృష్టం బాగుంది. ఇది నా తల మీద జరగలేదు" అని ఉమాపతిగారు ఇంగ్లీషులో అన్నారు. తొమ్మిదేళ్లు తరగతి గుమ్మం పక్కన నిలబడి ఇంగ్లీషు పాఠాలు విన్నవాడికి ఆ మాత్రం అర్థమవుతుందని ఆయనకు తోచలేదు.

ఆ మర్నాటి నుంచి కొమురెల్లిని కింద రాళ్ల గోదాములో ఉండమన్నారు. పైన వచ్చేపోయేవాళ్లు చూస్తే బాగుండదట.

తల దిండుకు ఆనితే ప్రాణం పోయేంత నొప్పి. చివరకు సాలమ్మే అతన్ని నగరంలోని ఒక ధర్మాసుపత్రికి తీసుకుపోయింది. హెలెన్ అనే సర్జను చూసింది. గుంటూరు వైపు మనిషి. దాపరికం లేకుండా చెప్పింది.

"ఈ కుచ్చులన్నీ కోసి తీసెయ్యాలి. చర్మం లాగి కుట్టాలి. రెండుసార్లు ఆపరేషను. జుట్టు రాదు, మచ్చలు పోవు. చీము ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. అంతే నేను చెయ్యగలిగింది. ఏం ఆశపడి చేయించుకున్నావయ్యా ఇది?"

"నాకేం ఆశ లేదమ్మా. సారు జూద్దామనుకున్నడు."

హెలెన్ కలం కింద పెట్టి, జరిగినదంతా మొదటి నుంచి చెప్పించుకుంది. మొదటి ఆపరేషను అయ్యాక విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు తానే రాసి, సంతకం చేయమని అతనికిచ్చింది.

ఆ కాగితం సంతకం పడకుండా దిండు కింద ఉండగానే, ఫిర్యాదు సంగతి ఎట్లాగో తెలుసుకుని ఉమాపతిగారు ఆస్పత్రికి వచ్చారు. ఆయన చేతిలోనూ ఒక కాగితం ఉంది. తన ఇష్టంతో, తన కోరిక మీద వైద్యం చేయించుకున్నానని, ఎవరి బలవంతమూ లేదని దానిలో ఉంది. "ఇది సంతకం చెయ్యి. నీ పర్మనెంటుకు ఈ వారమే రాస్తాను" అన్నారు. కొమురెల్లి సాలమ్మ వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అతను సంతకం చేశాడు.

"ఇష్టంతో చేయించుకున్నానని రాసిచ్చావా!" అంది హెలెన్, తన కాగితం వెనక్కి తీసుకుంటూ.

"ఇష్టమెక్కడిదమ్మా? నౌకరీ గావాలె."

రెండో ఆపరేషనుతో నొప్పి పోయింది. చర్మం బిగలాగి కుట్టడం వల్ల కనుబొమలు పైకి లేచి, అతని ముఖం ఎప్పుడూ దేనికో అదిరిపడ్డట్టు ఉండిపోయింది. పిల్లలు మొదటిరోజు దగ్గరికి రాలేదు.

ఉమాపతిగారు మాట తప్పలేదు. పర్మనెంటుకు రాశారు. ఇతను అటెండరు పనులన్నీ చేయగలడా అని ఆఫీసు అడిగింది. 'తల మీద బరువు మోయలేడు' అని ఆయన జవాబు రాశారు. పర్మనెంటు రాలేదు, టెంపరరీ కూడా పోయింది. "అబద్ధం ఎట్లా రాయమంటావు?" అని ఆయన కొమురెల్లినే అడిగారు.

ఆ ఆదివారం సాలమ్మ తార్నాకకు నడిచి వెళ్లింది. ఉమాపతిగారు వరండాలో ఇద్దరు స్నేహితులతో కాఫీ తాగుతున్నారు. తల నున్నగా గొరిగించుకుని ఉన్నారు. ఈ మధ్య అట్లాగే బాగుందని అందరూ అంటున్నారు.

"సార్," అంది సాలమ్మ గేటు దగ్గర నిలబడి. "మీకు మా ఆయన నెత్తి ఒక్కటే కానొచ్చింది. దాని కింద మనిషున్నడని మీ సదువుల్ల ఎవ్వరు చెప్పలేదా?"

ఉమాపతిగారు స్నేహితుల వైపు తిరిగి, "మన దగ్గర పనిచేసినవాడి భార్య. పాపం, వాడికి ఎంతో చేశాను" అన్నారు. గేటు వేసేయమని లోపలికి కేకేశారు.

ఇప్పుడు సాలమ్మ తార్నాకలో కడుతున్న కొత్త ఇళ్లకు ఇటుకలు మోస్తున్నది. కొమురెల్లి ఇంటి దగ్గర వంట చేసి పిల్లలను బడికి పంపుతున్నాడు. పగలు బయటికి రావడం తక్కువ.

చదువరులారా, ఈ కథలో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, చేతులు కట్టి ఈడ్చుకుపోలేదు. అడిగారు, అతను సరేనన్నాడు. మీ ఇంట్లో, మీ కార్యాలయంలో మీ మాటకు సరేనన్నవాళ్లను ఒక్కసారి తలచుకోండి. కాదనే వీలు లేనివాడి చేత అవుననిపించుకోవడం సమ్మతి కాదు, దౌర్జన్యం.