నిన్నటి గరిటెడు

బావ పోయినప్పటి నుంచి మా అక్కకి తిండి సహించడం లేదు. అలిగి కంచం తోసేయడం లాంటిది కాదది. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, వాసన చూసి, మళ్ళీ కంచంలోనే పెట్టేసేది. డాక్టరు కడుపు చూశాడు, రక్తం చూశాడు, అంతా బాగానే ఉందన్నాడు. "ఇలాగే ఉంటే ఆసుపత్రిలో పడుకోబెట్టి ముక్కులో గొట్టం వెయ్యాలి. అప్పటికీ కోలుకుంటారని చెప్పలేను" అని నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పాడు. నాది బట్టలు కుట్టే పని. అక్క బట్టలకి వారం తిరక్కుండానే మళ్ళీ లోపలికి కుట్టు వెయ్యాల్సి వస్తోంది. ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరు కంటే ముందు నా టేపుకే తెలిసింది.

అందుకే నా కుట్టు మిషను తెచ్చి అక్క ముందుగదిలో వేసుకుని, అక్కడే మకాం పెట్టాను. మాకు అమ్మా నాన్నా లేరు. నాకు అక్క, అక్కకి నేను, అంతే.

బావ హోటల్లో వంట మాస్టరు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు హోటల్ గ్రేవీ చిన్న డబ్బాలో తెచ్చి, ఇంట్లో ముక్కలు వేసి కూర చేసేవాడు. ఎడమ చేతివాటం మనిషి. కూర దించే ముందు గరిటెతో గిన్నె అంచు మీద టక్ టక్ అని రెండు దెబ్బలు కొట్టేవాడు. అక్క తింటుంటే వంటగది గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఏమోయ్, ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండీ."

ఉప్పు కషాయమైనా ఈవిడ జవాబు అదే. పెళ్ళయిన దగ్గర్నుంచి అక్క పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. వాళ్ళ సరాగం చూస్తే నాకు ఒళ్ళు మండేది. పోనీ పాపం, ఇప్పుడు ఆ ముక్క ఒక్కసారి వినబడితే ఏదైనా ఇచ్చేసేదాన్ని.

ఆ ఎర్రటి గ్రేవీ నా చేత్తో వస్తే అక్క తింటుందన్న ఆశ నాకు పట్టుకుంది. ఇక చూడండి నా తిప్పలు! ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, టమాటా, జీడిపప్పు ఉడకబెట్టాను, మెత్తగా రుబ్బాను, జల్లెడ పట్టాను. వెన్న వేశాను, కారం వేశాను, ఎండు మెంతాకు వేయించి అరచేతిలో నలిపి చల్లాను. ఒకసారి ఉల్లి పచ్చివాసన. ఒకసారి పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకోసారి జీడిపప్పు ఎక్కువై అట్టలు అంటించే జిగురులా తయారైంది. ఎంత వేయించినా నూనె పైకి తేలదు. అక్క ప్రతిసారీ వాసన చూసేది, ముద్ద దించేసేది, "నువ్వు తినేయవే" అనేది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి.

చివరికి హోటల్‌కే వెళ్ళాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెనక గుమ్మం దగ్గర కొత్త మాస్టరు నూనె డబ్బా మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సంగతి చెప్పాను.

"ఖాళీ గిన్నెతో మొదలుపెడుతున్నావు కదమ్మా? ఇంకెలా వస్తుంది?" అన్నాడు. "మేం నిన్నటిది ఒక గరిటెడు తీసి దాస్తాం. ఇవాళ్టి గిన్నెలో అది కలుపుతాం. ఇవాళ్టిది రేపటికి. పెరుగుకి చేమిరి వేసినట్టు. మా రుచంతా ఆ గరిటెడులోనే ఉంటుంది."

"అయితే ఒక గరిటెడు ఇవ్వండి, పుణ్యముంటుంది."

"ఇది నాదమ్మా, మీ బావది కాదు. ఆయన పోయిన రోజే ఆయన గిన్నె తోమేశాం. నిన్నటిది కూడా పారబోశాం. మాస్టరు పోతే అంతే, కొత్తవాడు ఖాళీ గిన్నెతో మొదలుపెట్టుకోవాల్సిందే."

"ఎందుకట?"

"పారబోయకపోతే పోడు" అన్నాడు, గ్యాసు అయిపోయింది అన్నంత మామూలుగా.

నాకు నవ్వాగలేదు. ఇంటికొచ్చి, "విన్నావా అక్కా, గరిటెడు గ్రేవీలో మనిషి కూర్చుని ఉంటాడట!" అని చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్న అక్క ఇటు తిరిగింది. ఎన్నాళ్ళకో నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఫ్రీజర్లో ఐసు ట్రే వెనకాల ఒక డబ్బా ఉంది, చూడు" అంది.

ఉంది. మంచు పేరుకుపోయిన చిన్న డబ్బా, అందులో గడ్డకట్టిన బావ గ్రేవీ.

గోరువెచ్చని నీళ్ళలో పెట్టి కరిగించి నా గిన్నెలో కలిపాను. కాసేపటికే అంచుల వెంట ఎర్రటి నూనె ఊరడం మొదలుపెట్టింది. వాసన ముందుగదిలోకి వెళ్ళేసరికి అక్క మంచం దిగి, గోడ పట్టుకోకుండా, తనంతట తనే నడిచి వచ్చి కూర్చుంది. తింది. కంచం తుడిచి మరీ తింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. రేపటికని ఒక గరిటెడు డబ్బాలోకి తీసిపెట్టాను.

ఇక రోజూ అదే వంట. అక్క బుగ్గల్లోకి రంగొచ్చింది. లోపలికి వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పాను. డాక్టరు, "ఏం మంత్రం వేశారు?" అన్నాడు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

ఒక మధ్యాహ్నం ఉల్లిపాయలు తరుగుతుంటే ముక్కలు మరీ సన్నగా, చకచకా పడుతున్నాయి. భలే, చెయ్యి తిరిగిందే అనుకుని కిందకి చూశాను. కత్తి నా ఎడమ చేతిలో ఉంది. గబుక్కున కుడిచేతికి మార్చుకున్నాను. కాసేపటికి చూస్తే మళ్ళీ ఎడమచేతిలోనే ఉంది.

కూర దించేటప్పుడు టక్ టక్ మంది. వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. గరిటె నా చేతిలోనే ఉంది. కొట్టింది నేనే.

పోనీలే, బావని అన్నేళ్ళు చూశాం, అలవాటు అంటుకుందేమో అని సరిపెట్టుకున్నాను. భయానికి మనసు చెప్పే సాకులకి కొదవేముంది! కానీ నా దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ బట్టకి కత్తెర పెట్టిన రోజు ఏ సాకూ దొరకలేదు. కత్తిరించాల్సిన సుద్ద గీత కుడివైపు ఉంది. కత్తెర ఎడమచేతిలో అడ్డదిడ్డంగా నడిచి, ఖరీదైన బట్టని భుజం దగ్గర చీరేసింది. పక్కనే నిలబడ్డ టీచరమ్మ బట్ట సంగతి కూడా మర్చిపోయి నా చేతిని చూసింది.

"నీకు ఎడమచేతివాటం ఎప్పట్నుంచి?" అంది.

వేరే బట్ట కొని కుట్టి ఇస్తానని చెప్పి పంపించాను. ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించబోతే రాలేదు. కుడిచెయ్యి అప్పుడే కుట్టు నేర్చుకునే పిల్ల చెయ్యిలా తడబడింది. నాకున్న ఆస్తల్లా ఈ చెయ్యే. కూడు పెట్టేదీ అదే, నలుగురిలో గౌరవం తెచ్చిందీ అదే.

"అక్కా, నాకు భయమేస్తోందే" అన్నాను.

"పని ఎక్కువై అలసిపోయావులే" అంది అక్క. నా ఎడమచెయ్యి ఒళ్ళోకి తీసుకుని మెల్లగా నిమిరింది. అది నా చెయ్యి నిమిరినట్టు లేదు. వెనక్కి లాక్కున్నాను.

మర్నాడు మిషను ముందు కూర్చున్నాను, అంతవరకే గుర్తుంది. తెలివొచ్చేసరికి పొయ్యి ముందు నిలబడి ఉన్నాను. కూర అయిపోయింది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు తరిగానో, ఏమీ తెలీదు. అక్క నా వెనకే పీట మీద కూర్చుని, ఎవరో కబుర్లు చెబుతుంటే విన్నట్టు, నవ్వుతూ ఉంది. నా గొంతు బాగా మాట్లాడి మాట్లాడి బొంగురుపోయింది.

ఇక లాభం లేదనుకున్నాను. అక్క నిలదొక్కుకుంది, ఇప్పుడు ఏం పెట్టినా తింటుంది. తినకపోతే బతిమాలతాను, కాళ్ళు పట్టుకుంటాను. అంతేగానీ ఇంకో పూట ఇలా గడిస్తే నేనంటూ మిగలను. పొద్దున్నే డబ్బాలోది తూములో పారబోశాను. డబ్బా, గిన్నె, గరిటె, జల్లెడ వేడినీళ్ళతో తోమి తోమి గోళ్ళు నొప్పెట్టేదాకా కడిగాను. అక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇవాళ్టి నుంచి నా వంటే. బాగున్నా బాగులేకపోయినా చెల్లి వంట. తింటావుగా?"

"నువ్వు పెడితే తినకుండా ఉంటానా?" అంది.

కుడిచేత్తోనే తరిగాను. వంకరటింకర ముక్కలు, లావుపాటివి, అచ్చం నావి. వాటిని చూసి ప్రాణం లేచి వచ్చింది. గ్రేవీ పొయ్యి మీద ఉండగా టీచరమ్మ వచ్చింది. మంట తగ్గించి ముందుగదిలోకి వెళ్ళి, కొత్త బట్టకి కొలతలు తీసుకుని పంపించాను. తిరిగొచ్చేసరికి గిన్నె అంచుల వెంట ఎర్రటి నూనె తేలి ఉంది.

"వచ్చిందే అక్కా! ఖాళీ గిన్నెతోనే వచ్చింది!" అని అరిచాను.

అక్క తింది. వాసన చూడలేదు, ముద్ద దించలేదు. ఎదురుగా కూర్చుని నేనూ ఆకలి తీరా తిన్నాను. గట్టెక్కాం, ఇద్దరం గట్టెక్కాం అనుకున్నాను. కంచం కడుగుదామని లేచి వంటగదిలోకి వెళితే, గట్టు మీద మసాలా సీసాల వెనకాల ఒక గాజు గిన్నె కనబడింది. ఖాళీది. అడుగున ఎర్రటి మరక ఇంకా తడిగా ఉంది.

"నువ్వు కడిగేస్తావని నిన్ననే అనిపించింది" అంది అక్క, తింటూనే. "ఒక గరిటెడు దాచాను. టీచరమ్మ వచ్చినప్పుడు కలిపేశాను."

"అక్కా, నా చెయ్యి పోతోందే. నేనే పోతున్నానే!"

"తెలుసే." తల వంచుకుని ఇంకో ముద్ద కలిపింది. "నీకు మొగుడా, పిల్లలా? నాకు ఆయన లేకపోతే గడవదే. ఏమీ అనుకోకమ్మా."

ఒక్క మాటైనా అడగాలి. ఎత్తుకుని తిప్పావు కదే, జడలు వేశావు కదే, నేనూ నీ దాన్నే కదే అని అడగాలి. ఆ మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. ఈలోగా ఎడమచెయ్యి ముందుకు వెళ్ళి, గరిటె తీసుకుని, గిన్నె అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది. కాళ్ళు వాటంతట అవే గుమ్మంలోకి నడిచి ఆగాయి. అక్క తలెత్తి చూసింది. ఎంత సంతోషం ఆ మొహంలో!

నా నోరు తెరుచుకుంది.

"ఏమోయ్, ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండీ" అంది అక్క.