సాయవ్వ గొంతులో జారుడు

సోమవారం జగిత్యాలలో స్కూలు పిల్లలకు దేశభక్తి గీతాలు, మంగళవారం సిరిసిల్లలో చర్చి బృందానికి కీర్తనలు, మిగతా రోజుల్లో కోరుట్లలోని నా గదిలో ఎవరేది అడిగితే అది. సరళీస్వరాలు, భజనలు, సినిమా పాటలు, జానపదాలు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. ఈమధ్య బస్సు దిగేసరికి నా గొంతు నాకే వినబుద్ధి కావడం లేదు. టీవీ పోటీలకు వెళ్లాలని పిల్లలు వస్తారు, నెల తిరక్కుండానే మానేస్తారు. వాళ్లను తిట్టే ఓపిక కూడా పోయింది.

అలాంటి రోజుల్లో మేడిపల్లి నుంచి సాయవ్వ వచ్చింది. యాభై దాటిన మనిషి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. చెప్పులు విడిచి గుమ్మంలోనే నిలబడింది.

"సారూ, పాట రాక రాలేదు నేను. వస్తది. గని ఏం పాడినా ఏడ్పు లెక్కనే ఉంటది. గా ఏడ్పు తీసెయ్యున్రి."

నాకేమీ అర్థం కాక పాడమన్నాను. కూర్చుని ఒక జోలపాట అందుకుంది. మంచి గొంతు, నా దగ్గర నేర్చుకున్న ఎవరికీ లేనంత మంచి గొంతు. కాని ప్రతి వరుస చివరా స్వరం నిలబడకుండా కిందికి జారిపోతోంది. జారుతూ జారుతూ వణుకుతోంది. పక్క గదిలో బట్టలు కుట్టే లత మిషను ఆపి పరుగున వచ్చింది.

"ఎవలన్న పోయిన్రా సారూ?"

"సూసిన్రా?" అంది సాయవ్వ నాతో. ఆమె నవ్వలేదు.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు శోకాలు పెడతారు. పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తూ, చేసిన మంచీ పడ్డ కష్టమూ తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. అది అందరికీ రాదు. సాయవ్వకు వస్తుంది. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆమెకూ, ఆమె జోడు ఎల్లవ్వకూ కబురు వెళ్తుంది. సాయవ్వ అందుకుంటే ఎల్లవ్వ తోడు పలుకుతుంది.

"మా బిడ్డ దీపకు ఏడో నెల సారూ. రెండో కాన్పు. మొదటి మనుమనికి తొట్టెల కట్టిననాడు నేను పాట అందుకున్న. మా వియ్యపురాలు కళావతి నా చెయ్యి పట్టుకున్నది. 'ఆపు వదినె, పసిపోరని కాడ పీనుగ మీది పాటేంది' అన్నది. అందరి ముందట. నా బిడ్డ తల దించుకున్నది. ఈసారి నేను పాడాలె. ఒక్క పాట. ఎవలు ఆపొద్దు."

నిజం చెబితే నాకు జాలి కలగలేదు, పంతం పుట్టింది. చాలా కాలానికి పనిలాంటి పని దొరికింది.

సరళీస్వరాలతో మొదలుపెట్టాను. పైకి ఎక్కేటప్పుడు బాగానే ఎక్కేది, దిగేటప్పుడు జారేది. సినిమా యుగళగీతం నేర్పితే ప్రేమికులిద్దరూ చచ్చిపోయినట్టు పాడింది. చర్చి కీర్తన ఇస్తే సమాధి దగ్గరే ఆగిపోయింది, పునరుత్థానం దాకా రాలేదు. హుషారైన బోనాల పాటకూ అదే గతి పట్టించింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"చివర జారొద్దు సాయవ్వా. హార్మోనియం మెట్టు ఎక్కడ నొక్కానో అక్కడే ఆగాలి."

"ఆగుతున్న సారూ, అదే జారుతున్నది."

"తప్పు. మళ్లీ పాడు."

ఆ మాట ఎన్ని వందల సార్లు అన్నానో నాకే తెలియదు. కొన్నిసార్లు కసిరాను కూడా. ఆమె ఒక్కనాడూ ముఖం చిన్నబుచ్చుకోలేదు. చివరికి ఉపాయం కూడా తనే కనిపెట్టింది. ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ సాధన చేసేదట. వరుస చివరికి రాగానే బీడీకి దారం బిగించి, అక్కడికక్కడ గొంతునూ బిగించేదట. రెండున్నర నెలలకు ఒక పొద్దున జోలపాట మొదటినుంచి చివరిదాకా పాడింది. ఒక్క వరుసా జారలేదు. నేను లేచి లతను పిలిచి టీ తెప్పించాను.

దీపకు పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున సిరిసిల్లలో, వియ్యాలవారి ఇంట్లోనే తొట్టెల కట్టారు. ఆవేళ మంగళవారం కావడంతో చర్చి క్లాసు ముగించుకుని నేనూ వెళ్లాను. కళావతి తొట్టెల పక్కనే నిలబడి ఉంది. సాయవ్వ పాడింది. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకోలేదు. పాట అయ్యాక, "మంచిగ పాడినవ్ వదినె" అంది కళావతి. దీప పాపను తెచ్చి తల్లి ఒళ్లో పెట్టింది. సాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. ఈ ముప్ఫై ఏళ్ల బస్సు ప్రయాణాలకు ఆ ఒక్క చూపు చాలనిపించింది.

నెల దాటాక సాయవ్వ మళ్లీ కోరుట్ల వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎల్లవ్వ పోయింది సారూ."

"అయ్యో, ఎప్పుడు?"

"తొమ్మిది రోజులాయె. తల కాడ కూసొని అందుకున్న. వరుస కొసకు రాంగనె గొంతు ఆగింది. మళ్లీ అందుకుంటే మళ్లీ ఆగింది. బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు పాడిన. దాని కోడలు నా మొఖం దిక్కు సూసి, 'ఊరందరికి ఏడ్చినవ్, మా అత్తకు ఏడ్వవా' అన్నది. నలభై ఏండ్లు నా పక్కన కూసున్నది సారూ అది. దాన్ని వట్టిగనే సాగదోలిన." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం నిబ్బరంగా ఉంది. "ఎల్లుండి దాని పదకొండో దినం. గా లోపట నాకు ఏడ్పు మళ్లీ నేర్పున్రి."

నేర్పమంటే ఏం నేర్పను? హార్మోనియం తెరిచి, మూసేశాను. ఏ రెండు మెట్ల మధ్యా ఆ జారుడు లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. దోషం అనుకుని నేను పట్టుబట్టి తీసేసింది ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క విద్య.

చివరికి సిగ్గు విడిచి నేనే పాడాను. ఎల్లవ్వను పేరు పెట్టి పిలిచి, రెండున్నర నెలలు విన్నదాన్ని గుర్తు తెచ్చుకుని, వరుస చివర గొంతును కిందికి జార్చాను. వచ్చీరాని ఏడుపు అది.

"ఇప్పుడు నువ్వు పాడు" అన్నాను.

పాడింది. చివర స్వరం ఎక్కడుండాలో అక్కడ ఆగింది. మళ్లీ పాడింది, మళ్లీ ఆగింది. నాలుగోసారి నోరు తెరిచి, పాడకుండానే మూసేసింది.

"అయితలేదు సారూ. జారబోతాంటె, మీరు 'తప్పు' అన్నదే చెవులల్ల ఇనవడ్తున్నది."