వసంత తాకిన పిందెలు

గద్వాల దగ్గరి గట్టు మండలం పల్లెల్లో క్రాసింగ్ పని తెలియని ఆడమనిషి ఉండదు. అన్నీ విత్తనాల కంపెనీలకు సీడ్ పత్తి పండించే ఊళ్లు. మగ పువ్వు తెంపి, రేకులు విప్పి, ఆడ పువ్వు మీద మెత్తగా రుద్దితేనే అక్కడ కాయ కడుతుంది. ఆ పనిలో వసంతను మించినవాళ్లు లేరని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆమె రుద్దిన పువ్వు రాలిపోవడం అరుదు. అత్త సత్తెమ్మ కూడా, "మా పెద్ద కోడలు సాలు పట్టిందంటే ఆ సాలు నిండినట్టే" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేది.

చేన్లో అంత మంచిదైన చెయ్యి, ఇంటి గడప తొక్కగానే చెడ్డదైపోయేది. మనుషుల లెక్కలు అట్లాగే ఉంటాయి మరి.

వసంతకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి కడుపు పోయిన ఆ వానాకాలంలోనే పెరట్లో తీగల మీది పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి. సత్తెమ్మ రాలిన పిందెల్ని చూసింది, కోడల్ని చూసింది. కోప్పడలేదు, పాపం. "నువ్వు తీగల కాడికి రాకు బిడ్డా. నీ చెయ్యి మంచిగ లేదు" అంది, జ్వరమొచ్చిన మనిషిని పెరుగు తినొద్దన్నంత మామూలుగా.

సత్తెమ్మకు ఆ పెరడంటే ప్రాణం. గోడ మీద పొడుగు సొర, పందిరి మీద గుండు సొర, పెంటకుప్ప పక్కన తియ్య గుమ్మడి, ఇంటి కప్పు రేకుల మీదికి పాకిన బీర. ప్రతి తీగకూ ఒక కాయ ముదరనిచ్చి, గింజలు తీసి, బూడిదలో కలిపి దాచేది. ఎవరైనా పిందెను వేలు పెట్టి చూపారా, వాళ్ల పని అయిపోయినట్టే. వేలు చూపితే పిందె కుళ్లిపోతుందట. చూపక తప్పదంటే పిడికిలి బిగించి చూపాలి. మొగుడు పోయినప్పుడు కూడా పదకొండో రోజు దాటగానే తీగలకు నీళ్లు పోసిన మనిషి ఆమె.

పిందెలు ఎందుకు రాలుతున్నాయో వసంతకు తెలుసు. చుట్టూ పత్తి చేలకు ఎడతెగకుండా మందు కొడుతుంటే తేనెటీగ అన్నదే కనపడకుండా పోయింది. ఆ మాటే అత్తకు చెప్పి చూసింది.

"ఈగలు లేవు అత్తా. చేన్ల చేసినట్టు ఈడ కూడ మనమే క్రాసింగ్ చేస్తే నిలుస్తయి."

"పత్తికి కంపెనోళ్లు పెట్టిండ్రు ఆ కత. తీగకు దేవుడు పెట్టిండు. నువ్వు జర దూరముండు, చాలు."

వసంత దూరంగానే ఉంది. తీగల నుంచే కాదు, సీమంతాల నుంచి, బారసాలల నుంచి కూడా. ఎవరూ రావద్దనలేదు. పిలవడం మానేశారు, అంతే. మొగుడు నర్సింహులు మంచివాడే. కాని ఆ విషయం ఎత్తితే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయే మంచితనం అది.

తర్వాత మరిది శివకు పెళ్లయింది. ఉప్పునుంతల నుంచి సుమన వచ్చింది. తల్లి లేని పిల్ల, నోట్లో నాలుక లేనట్టుండేది. వచ్చిన కొన్నాళ్లకే వసంత వెనకాల తిరగడం మొదలుపెట్టింది. అక్కా ఉప్పెంత, అక్కా ఈ చీర బాగుందా, అక్కా నెత్తి దువ్వు. ఏడాది తిరక్కుండా నెల తప్పింది. సత్తెమ్మ సంతోషం పట్టలేక, ఆ వానాకాలం గింజలన్నీ సుమన చేతనే పెట్టించింది.

తీగలు పాకాయి. పూలు విచ్చాయి. అప్పుడు మొదలైంది వసంతకు దిగులు. ఈగలు ఆ ఏడూ లేవు. పిందెలు రాలక మానవు. రాలితే అత్త ఆ చూపు ఎవరి వైపు తిప్పుతుందో ఆమెకు తెలుసు. కడుపుతో ఉన్న పిల్ల ఆ చూపు తట్టుకోలేదు.

గుమ్మడి పువ్వు తెల్లారుతూనే విచ్చుకుంటుంది. పేడ ఎత్తే నెపంతో వసంత అందరికంటే ముందు లేచి పెరట్లోకి పోయేది. సొర పువ్వు సాయంత్రం పూస్తుంది. చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే నెపంతో మళ్లీ పోయేది. మగ పువ్వు తెంపి, అడుగున పిందె ఉన్న ఆడ పువ్వు మీద రుద్ది, రేకులు పేడలో తొక్కేసేది. చేన్లో అందరి ముందూ చేసే పనే, సొంత ఇంట్లో దొంగలా చేసింది.

కాయలు విరగకాశాయి. పందిరి వంగిపోయింది. సత్తెమ్మ ఇంటింటికీ సొరకాయ పంచుతూ, "మా చిన్న కోడలి చెయ్యి" అని చెప్పి వచ్చేది. పూటకో కూర చేసి సుమనకు దగ్గరుండి తినిపించేది. సొరకాయ పులుసు, గుమ్మడికాయ దప్పళం, బీరకాయ పచ్చడి.

"నాకేం తెల్వదక్కా, నేను నీళ్లు పోసుడే" అనేది సుమన సిగ్గుపడుతూ.

"అట్లంటవేంది? గంత మంచి చెయ్యి, జర నా నెత్తి మీద కూడ పెట్టు" అని వసంత నవ్వేది. కడుపులో మంట లేదంటే అబద్ధం. ఉంది. కాని ఆ పిల్ల నిజంగానే నెత్తి మీద చెయ్యి పెట్టేసరికి ఆ మంట కాస్తా చల్లారిపోయేది.

ఏడో నెలలో, బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ సుమన నడుము పట్టుకుని కూలబడింది. గద్వాల దవాఖానకు తీసుకుపోయేసరికి కడుపులో బిడ్డ పోయింది. బీపీ బాగా పెరిగిందని, ముందే చూపించుకోవాల్సిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాటే వసంత, సుమన మంచం పక్కన కూర్చుని ఎన్నోసార్లు చెప్పింది. సుమన వినేది. విని, "నేనేం చేసినక్కా?" అని మళ్లీ మొదటికొచ్చేది. కన్నీళ్లు మాత్రం రాలేదు.

దవాఖానలో ఉన్నన్నాళ్లూ వసంత ఆమెను వదిలి రాలేదు. ఇక్కడ పెరట్లో పూలు పూసి, ఎవరూ తాకక, వాడిపోయాయి.

ఇంటికొచ్చిన మర్నాటి సాయంత్రం సుమన అరుగు మీద గోడకానుకుని కూర్చుంది. సత్తెమ్మ పెరట్లోంచి కొంగు పట్టుకుని వచ్చింది. కొంగులో పసుపెక్కిన పిందెలు. వాటిని చూసి, కోడల్ని చూసి, పక్కన కూర్చుంది.

"ఇగ నువ్వు తీగల కాడికి పోకు బిడ్డా" అంది మెల్లగా.

కోపం లేదు. గడపలో నిలబడి విన్న వసంతకు అది ఏళ్ల క్రితం తనతో అన్న గొంతే అనిపించింది. సుమన తన రెండు చేతులూ ఒడిలోకి లాక్కుని కొంగు కింద దాచుకుంది. అది చూసి వసంత ఇక ఆగలేకపోయింది.

"ఆమె చెయ్యి కాదత్తా. కాయలు కాసింది ఆమె చేతికి కాదు, ఇప్పుడు రాలింది ఆమె చేతికి కాదు. నేను క్రాసింగ్ చేసిన. పొద్దుగాల, మాపటీల, రోజు నేనే చేసిన. ఇన్ని దినాలు దవాఖానల ఉంటి, చేసెటోళ్లు లేక రాలినయి."

ఒక్క పరుగున పోయి సొర పువ్వులు రెండు తెంపుకొచ్చింది. రేకులు విప్పి, ఒకదాని మీద ఒకటి రుద్ది చూపించింది. "ఇగో, గిట్ల. ఇంతే అత్తా. మంచి చెయ్యి లేదు, చెడ్డ చెయ్యి లేదు."

సత్తెమ్మ చేతిలో కొంగు జారి పిందెలు అరుగు మీద దొర్లాయి.

"అంటే ఆ కాయలన్ని నువ్వు తాకినయేనా?"

"అవునత్తా."

"ఈ పిల్లకు నేను వండి పెట్టినయన్ని?"

మాట ఇటు మళ్లుతుందని వసంత అనుకోలేదు. సత్తెమ్మ నెత్తి కొట్టుకుంది. "వొద్దంటి గదనే నీకు! నా చేత్తోటి నేనే పెడితి. ఒక్క పూట తప్పకుండ, బతిమాలి బతిమాలి పెడితి గద తల్లీ!" ఆ ఏడుపులో నటన లేదు. మనవణ్ణి తన చేత్తో తనే చంపుకున్నానని నిజంగానే నమ్మి ఏడ్చింది ముసలిది.

డాక్టరమ్మ చెప్పింది మళ్లీ చెబుదామని వసంత నోరు తెరిచింది. అంతలో సుమన తలెత్తింది.

"అక్కా, అయితే నా వల్ల కాదు గదా?"

ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. బీపీ అంటే నమ్మని పిల్ల, దవాఖానలో ఎంత నచ్చజెప్పినా నమ్మని పిల్ల, దీన్ని నమ్మింది. వసంత కాదంటే ఆ పాపం మళ్లీ ఈ పిల్ల చేతులకే చుట్టుకుంటుంది. ఆ చేతులు ఇప్పుడిప్పుడే కొంగు కిందినుంచి బయటికొచ్చాయి.

"నీ వల్ల కాదు" అంది వసంత. డాక్టరమ్మ మాట మళ్లీ ఎత్తలేదు.

సుమన భోరుమంది. బిడ్డ పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. సత్తెమ్మ ఒడిలో వాలి, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది. వసంతకూ ఏడుపు పొంగుకొచ్చింది. దగ్గరికి జరిగి ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

చెయ్యి తగలగానే సుమన వీపు బిగుసుకుంది. ముఖమెత్తకుండానే అత్త వైపు ఇంకాస్త జరిగింది. వసంత చెయ్యి తీసేసింది.