కేతేపల్లి గురవయ్య

ఐసుగడ్డను గోనెసంచిలో చుట్టి, సైకిలు క్యారేజీకి కట్టుకొని వచ్చేసరికి ఖుద్దూస్ పైజామా పిక్కల దాకా తడిసిపోయింది. నల్గొండలో ఆ చిన్న ధర్మదవాఖాన రక్తనిధికి ఇరవై రెండేళ్ళుగా అతనే అటెండరు. ఎండిన కందికట్టెలాంటి మనిషి. మెడ ముందుకు వంగింది, ఎడమ చెవి వినపడదు. కానీ ఏ ఊళ్ళో ఎవరిది ఏ గ్రూపో కళ్ళు మూసుకొని చెప్పేవాడు.

అదంతా కంప్యూటరు రాకముందు మాట. తొంభై ఎనిమిది ఎండాకాలం నాటికి అతణ్ణి అడిగే దిక్కే లేదు. ఆ కంప్యూటరుకు చల్లటి గది కట్టారు, చెప్పులు బయటే విడవమన్నారు. పాత రిజిస్టరులోని దాతల పేర్లు ఖుద్దూస్ చదువుతుంటే ఆపరేటరు యాదగిరి అందులోకి ఎక్కించాడు.

ఇవాళ యాదగిరి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"చాచా, ఓ నెగటివ్ అర్జెంటన్నరు. ఫ్రిజ్‌ల ఒక్కటి లేదు. మీట నొక్కంగనే దొరికిండు, కేతేపల్లి గురవయ్య! ఆ ఊరి ఫోను డబ్బాకు చెప్పిన. ఐలేశం జీపేసుకొని పోయిండు."

ఐలేశం భార్య రామమ్మకు కాన్పయినప్పటి నుంచి రక్తం ఆగడం లేదు. పొద్దుగూకేలోపు ఎక్కించకపోతే దక్కదని డాక్టరమ్మ చెప్పేసింది.

ఖుద్దూస్ సైకిలు పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

"ఏ గురవయ్య?"

"ఏ గురవయ్య ఏంది? ఒకే పేరు రెండుసార్లు పడ్డదని ఒకటి తీసేసిన."

ఖుద్దూస్ సైకిలు గోడకు ఆనించాడు. కేతేపల్లిలో ఉన్నది ఇద్దరు గురవయ్యలు. ఒకాయన పేరు ముందు 'కుంటి' అని తానే రాసిపెట్టుకున్నాడు. ఊళ్ళో మనిషిని అలాగాక ఇంకెలా గుర్తుపడతారు? నెగటివ్ ఆ కుంటాయనదే, రెండో ఆయనది పాజిటివ్. పేర్లు చదివిన రోజు పెద్ద డాక్టరు పక్కనే కూర్చున్నాడు. ఆయన ముందు కుంటి అనడానికి నోరురాక ఆ మాట మింగేశాడు. మర్యాదట, మన్నుగడ్డ!

"ఆడ ఇద్దరున్నరు కొడుకా. నేనే తప్పు చదివిన."

యాదగిరి ఫోను దగ్గరికి ఉరికాడు. కేతేపల్లికి ఫోను కొట్టారు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంకో బండి పంపుదామంటే దవాఖాన వ్యాను ఊళ్ళు తిరగడానికి పోయింది. రెండు గంటలసేపు ఖుద్దూస్ గేటుకూ వార్డుకూ మధ్య తిరిగాడు. వార్డులోని ఆయా, బట్ట కప్పిన బేసిన్ మూడోసారి బయటికి తెచ్చింది.

జీపు రానేవచ్చింది. ఖుద్దూస్ దిగేవాడి ముఖం చూడలేదు, కాళ్ళు చూశాడు. యా అల్లా, కుంటాలె, కుంటాలె అనుకున్నాడు. ఒక మనిషి కుంటాలని ఎవరైనా మొక్కుతారా! ఆ మనిషి ఒక్క దుముకు దుమికి, చకచకా మెట్లెక్కాడు.

"యాడ పండాలె సారూ? నిరుడు గూడ ఇచ్చిన, నాకేం బుగులు లేదు."

అయినా ఆశ చావక చుక్క తీసి పరీక్షకు ఇచ్చారు. ఐలేశం బెంచీ మీద కూర్చొని, దారిలో కొన్న బత్తాయి ఒలవసాగాడు.

"నెత్తురిచ్చినంక జర తినాలె అన్నా, కళ్ళు తిరుగుతయి."

ఖుద్దూస్ లోపలి నుంచి వచ్చి అతని ముందు నిలబడ్డాడు.

"కలుస్తలేదు కొడుకా. తప్పు నాదే. మల్ల పోవాలె, కుంటి గురవయ్య కాడికి."

"నడువుండ్రి, నేను ఇల్లు చూపిస్త," అన్నాడు వచ్చిన గురవయ్య. ఇద్దరూ జీపెక్కారు.

బండి గేటు దాటుతుండగా డాక్టరమ్మ బయటికి వచ్చి తల అడ్డంగా ఊపింది. ఖుద్దూస్ చెయ్యెత్తి కేకేస్తూ పరుగెత్తాడు. జీపు ఆగలేదు, దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది.

బెంచీ మీద సగం ఒలిచిన బత్తాయి తొక్క వేలాడుతూ అలాగే ఉంది.