పెద్దమ్మ నిద్రపోయిన శనివారం

హాస్టల్లో ఆమెకు పెద్దమ్మ అని పేరు పెట్టింది గదిలో తోటి స్నేహితురాలు సైలెన్సర్. నలుగురున్న ఆ గదిలో అందరికంటే ముందు లేచి, పరీక్షల రోజుల్లో మిగతా ముగ్గురి ముఖాన చెంబుడు నీళ్ళు కొట్టి మరీ లేపేది ఆమే. అప్పటికి అందరికీ పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు నలభై మూడు నిండినా ఆ పేరు పోలేదు. చెల్లెలి పిల్లలు కూడా అలాగే పిలుస్తారు కాబట్టి, అసలు పేరు ఆస్పత్రి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆస్పత్రిలో ఆమెది రక్తపరీక్షల గది. ఆ ఏడాది జ్వరాలు విరుచుకుపడ్డాయి. గదిలో అయిదుగురు పనిచేయాల్సిన చోట ఇద్దరు తామే జ్వరంతో మంచమెక్కారు. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, రక్తపు గొట్టాలను గిర్రున తిప్పే యంత్రం ఒకటి మొరాయించింది. మూడు నెలలు ఆమె పొద్దున వెళ్తే ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకసారి రెండు గొట్టాల మీద చీటీలు తారుమారు చేయబోయి, అంటించే ముందు క్షణంలో చూసుకుంది. ఆ రోజునుంచి ప్రతి పేరూ రెండుసార్లు పైకి చదివేది. చదువుతున్న పేర్లకు ముఖాలుంటాయన్న సంగతి మెల్లగా మరిచిపోయింది.

జ్వరాలు తగ్గి, జబ్బుపడ్డ ఇద్దరూ తిరిగొచ్చాక సైలెన్సర్ ఫోన్ చేసింది. ఆమెకా పేరు వెటకారంగా పెట్టారు. నోరు తెరిస్తే మూయదు, బళ్ళో పాఠాలు చెబుతుంది. చెరువు పక్కన ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాననీ, శని ఆదివారాలు నలుగురూ అక్కడే ఉండాలనీ, రాకపోతే ఈ జన్మకు మాట్లాడననీ ఒక్క గుక్కలో చెప్పేసింది. పెద్దమ్మ సరేనంది. ఫోన్ పెట్టేశాక, చాలా రోజుల తర్వాత మొదటిసారి తనలో తాను నవ్వుకుంది.

శనివారం పదింటికి ఆమె బస్సు దిగేసరికి ముగ్గురూ గేటు దగ్గరే ఉన్నారు. సైలెన్సర్, లాయరు, చిన్నది. లాయరు అసలు బేకరీ నడుపుతుంది. హాస్టల్ వార్డెనుతో నెలకోసారైనా వాదించి గెలిచేది కాబట్టి ఆ పేరు. చిన్నది అందరికంటే నెల చిన్న. బట్టలు కుడుతుంది, తక్కువ మాట్లాడుతుంది. నలుగురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. మెట్ల మీద కూర్చుని పాత ముచ్చట్లు తవ్వుకున్నారు. కలిసి వండుకు తిన్నారు. తిన్నాక, పడవ మాట్లాడదామని వాళ్ళు లేస్తుంటే, పది నిమిషాలు నడుం వాల్చి వస్తానంది పెద్దమ్మ.

నిద్ర సుఖమెరుగదంటారు. ఆమెకు ఆ మంచం మెత్తనో గట్టిదో కూడా తెలియదు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ. సాయంత్రమయిందేమో, పడవ వెళ్ళిపోయిందేమోనని గాభరాగా లేచింది. ఎవరో కాళ్ళకు దుప్పటి కప్పారు. తలదగ్గర మంచినీళ్ళ సీసా పెట్టారు. బయటికి వస్తే ముగ్గురూ అరుగు మీద కాఫీలు తాగుతున్నారు.

"తెల్లారిందా అమ్మా? ఆదివారం పన్నెండు కావస్తోంది," అంది సైలెన్సర్.

పెద్దమ్మ నమ్మలేదు. ఫోన్ చూసుకుని నమ్మింది. కుంభకర్ణుడికి చెల్లెలుందని పురాణాల్లో రాయడం మరిచిపోయారని లాయరు అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. తర్వాత నిన్నటి కథంతా చెప్పారు. పడవ బోర్లా పడడం, నడుం లోతు నీళ్ళలో సైలెన్సర్ ప్రాణం పోతున్నట్టు అరవడం, లాయరు చెప్పు ఒకటి చెరువుపాలు కావడం. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకుంటున్నారు. సగం మాటలు చెప్పకుండానే ముగ్గురికీ నవ్వొస్తోంది. పెద్దమ్మ ఏ చెప్పు, ఎవరు పట్టుకున్నారు అని అడుగుతూ వింది. నవ్వు ఆమె దగ్గరికి చేరేసరికి వాళ్ళది అయిపోతోంది.

ఫోటోలు చూపిద్దామని చిన్నది చెయ్యి చాచినప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి మడతలో నల్లగా కమిలి ఉంది. ఆ పక్కనే ఇంకోటి, పాతది, పసుపురంగుకు తిరిగింది. పదిరోజుల్లో కనీసం రెండుసార్లు రక్తం తీశారని పెద్దమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏమైందే?"

"ఏం లేదే, తలుపు తగిలింది," అని చిన్నది చొక్కా కిందికి లాక్కుంది. మిగతా ఇద్దరూ ఒకేసారి చెరువు వైపు చూశారు. అలా చూడడంతోనే పెద్దమ్మకు తెలిసిపోయింది, ఇక్కడ తనకు తప్ప అందరికీ తెలుసని.

వంటగదిలో లాయరు గిన్నెలు కడుగుతుంటే ఆమె పక్కన నిలబడి తుడుస్తూ అడిగింది. లాయరు కుళాయి కట్టేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. చిన్నదానికి నెలరోజులుగా రక్తకణాలు పడిపోతున్నాయట. గురువారం ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేస్తారట. ఇంట్లో భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. నిన్న పడవ బోర్లాపడి ఒడ్డుకు చేరాక, అందరూ నవ్వుతుంటే చిన్నది ఏడ్చేసిందట.

"నన్ను లేపలేదేం?"

"నేను వచ్చాను లేపడానికి. అదే వద్దంది. 'దానికి మూడు నెలలుగా ఇవే గొట్టాలు. ఈ రెండు రోజులైనా నేను దానికి ఇంకో గొట్టం కాకూడదు' అంది. ఏం చెయ్యమంటావు చెప్పు."

పెద్దమ్మ తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది.

భోజనాలయ్యాక చిన్నది మెట్ల మీద ఒంటరిగా దొరికింది. పెద్దమ్మ పక్కన కూర్చుంది. ఏ సంఖ్య ఎంత, ఎప్పటినుంచి, డాక్టరు ఏమన్నాడు, నాలుక చివరి దాకా వచ్చాయి. రోజుకు వందమందిని అడిగే ప్రశ్నలే. అవి మింగేసి, "నాకూ చెప్పవే," అంది.

చిన్నది తల ఆమె భుజం మీద వాల్చింది. "నిన్నంతా చెప్పేశానే వాళ్ళకి. మళ్ళీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేదు. ఏమనుకోకు."

"ఏమనుకుంటాను," అంది పెద్దమ్మ. ఆ భుజం కదిలించకుండా చాలాసేపు కూర్చుంది. వెచ్చగా ఉంది ఆ తల. అంత దగ్గరగా ఉండి కూడా తను గదిలో ఇంకా పడుకునే ఉన్నట్టు, ఎవరో తలుపు దగ్గరగా వేసి వెళ్ళినట్టు అనిపించింది.

నాలుగింటికి ముగ్గురూ సైలెన్సర్ కారులో ఒక దారిన వెళ్ళారు. ఆమె బస్సు ఇంకో దారి. కారు వెనకద్దంలోంచి చిన్నది చెయ్యి ఊపింది. మలుపు తిరగకముందే లోపల ఎవరో ఏదో అన్నట్టున్నారు, అటు తిరిగి నవ్వుతోంది.

గురువారానికి పెద్దమ్మ సెలవు అడిగింది. మూడు నెలల చాకిరీ చూసినవాడు కాబట్టి పై అధికారి కాదనలేదు. ఆ సంగతి చెప్పగానే చిన్నది సంతోషించి, ఆ వెంటనే తటపటాయించింది. ఆ రోజు భర్త ఊళ్ళో ఉండడనీ, రోగితోపాటు ఇద్దరికి మించి రానివ్వరనీ, సైలెన్సరూ లాయరూ అప్పటికే వస్తామన్నారనీ చెప్పింది. పరవాలేదంది పెద్దమ్మ. సెలవు వెనక్కి ఇచ్చేసి పనిలోకి వెళ్ళింది.

ఆ తర్వాతి సోమవారం మధ్యాహ్నం ముగ్గురికీ కలిపి ఒకే కబురు పంపింది చిన్నది. భయపడ్డ జబ్బు కాదట, ఏడాది మందులు వాడితే చాలట. కింద సైలెన్సర్ పదిహేను వరుసల సంతోషం, లాయరు కొత్త చెప్పుల ఖర్చు అడగడం. పెద్దమ్మ 'అమ్మయ్య' అని రాసింది. ఇంకేదైనా రాద్దామనుకుంటూనే ఫోన్ జేబులో పెట్టుకుంది.

రక్తపరీక్షల గదిలో కుర్చీలో కూర్చున్న ముసలామె చెయ్యి చాచుకుని వేచి ఉంది. ఆమె రక్తం గొట్టంలోకి వస్తుండగా పెద్దమ్మ కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఏమ్మా, నాకు గుచ్చి నువ్వేడుస్తున్నావేం?"

"ఏం లేదమ్మా. మా స్నేహితురాలికి నయమైపోతుందట."

"మంచిమాట. దగ్గరుండి చూసుకున్నావా?"

"లేదమ్మా," అంది పెద్దమ్మ, సూది తీస్తూ. "దాని దగ్గర మనుషులున్నారు."

గొట్టం మీద చీటీ అంటించి, పేరు రెండుసార్లు చదివి, ఈసారి తలెత్తి ముసలామె ముఖం చూసింది. తర్వాతి వాళ్ళను పిలిచింది.