పరాయి బియ్యం పాయసం

గరిటె తిప్పగానే దియోలిందాకు అర్థమైపోయింది. పాలు పాలే, మెతుకు మెతుకే. నిమ్మతొక్క వేసి ఎంత ఉడికించినా రెండూ కలిసి చావడం లేదు. తమ ఊరి బియ్యమైతే ఈపాటికి పాలు పీల్చుకుని ముద్దయ్యేవి. సంచి మీద మాత్రం తమ సహకార సంఘం పేరు, ఊరి పక్కన పారే సాదో నది బొమ్మ.

"ఎర్మీనియో! ఇటు రా!"

సంఘం అధ్యక్షుడు ఎర్మీనియో ఆమెకు మరిది. పంట పండుగకని కొత్త చొక్కా తొడుక్కుని వంటశాల గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటొదినా, ఊరంతా వినేట్టు?"

"సంచిలో ఎక్కడి బియ్యం పోశావు?"

అతను వంటశాల తలుపు దగ్గరగా వేశాడు. "ఓడలో వచ్చినవే. ఎవరూ కనిపెట్టరని చూపిద్దామనుకున్నా. పాయసం తిన్నాక మిల్లు సంగతి మీద ఓటుంది కదా. మన సంఘం బియ్యం మిల్లు దిగుమతి కంపెనీకి అద్దెకిస్తే అందరికీ హాయి."

"మరి మా వడ్లు ఎవడాడిస్తాడు?"

"వేరే పంట వేసుకోండి."

"ఉప్పుదేలే మళ్లలో వరి తప్ప ఏం మొలుస్తుంది, నీ తలకాయా?"

"యూరప్‌లో మనంత అన్నం తినేవాళ్లే లేరొదినా. పండేది చాలదు, కొనక తప్పదు."

"మా అత్త నాట్లేసిన రోజుల్లో కొన్నామా? అప్పుడు మనమూ, స్పెయిన్ వాళ్లూ సమానమే. ఎవడి కుండలో వాడి బియ్యం. ఇప్పుడు స్పెయిన్‌లో మా చెల్లెలుండే సెవిల్ దిక్కున తినగా మిగిలింది ఓడకెక్కిస్తున్నారు. మనమేమో అదే ఓడ కోసం రేవులో పళ్లెం పట్టుకుని నిలబడ్డాం!"

"వాళ్లకి నీళ్లున్నాయి."

"మొన్న కరువులో వాళ్ల మళ్లూ బీటలేశాయి. కొనుక్కునే తిన్నారు. అయితే మిల్లు ఇచ్చేశారా? వానలు రాగానే మళ్లీ విత్తారు! నువ్వు కరువు రాకుండానే తాళంచెవి చేతులు మారుస్తున్నావు."

ఎర్మీనియో గొంతు తగ్గించాడు. "గుడ్డు పచ్చసొన ఇంకాస్త కొట్టు, చిక్కబడుతుంది. పరువు తీయకు."

"కొట్టను."

పండుగనాడు పాయసం మీద దాల్చినచెక్క పొడితో సంఘం పేరు రాయడం ఆ ఊరి ఆనవాయితీ. వండిన చెయ్యే రాయాలి. దియోలిందా పెద్ద పళ్లెం తెచ్చి సంఘం రైతులందరి ముందూ బల్ల మీద పెట్టి, పొడి చిటికెతో పట్టి రాసింది. అక్షరాలు పాలలో కరిగి బురదలా పారాయి.

"ఏమ్మా, చెయ్యి వణుకుతోందా? ముసలిదానివైపోయావే!" ముసలి సిల్వేరియో ఎగతాళి చేశాడు.

"చెయ్యి గట్టిదే మావా. బియ్యమే మనది కాదు. రుచి చూడు."

సిల్వేరియో చెంచా ఎత్తాడు. గింజలు జారిపోయాయి. అతని నవ్వూ పోయింది. "మన సంచిలో ఇది పోశారా? మనల్నే మోసం చేస్తారా?"

"ఓటు రేపు పెట్టుకుందాం..." ఎర్మీనియో లేచాడు.

"ఇప్పుడే!" దియోలిందా గరిటెతో బల్ల మీద కొట్టింది. "మిల్లు ఇచ్చేద్దామనేవాళ్లు చేతులెత్తండి. ఆ చేతులేవో నేనూ చూస్తా!"

ఎర్మీనియో చెయ్యి లేచింది. ఇంకెవరిదీ లేవకపోయేసరికి మెల్లగా దిగింది.

"శభాష్! ఇక దాచిన మంచి పాయసం తియ్యి," అన్నాడు సిల్వేరియో.

"దాచలేదు మావా. మన కొత్త వడ్లు మిల్లులో ఆడిన రోజు వండుతా."

పళ్లెం మరిది ముందుకు తోసింది.

"నువ్వు తెచ్చావు. నువ్వే తిను."